రచయిత్రి, పబ్లిషర్, నటి: మూడూ ఒక్కరే కావచ్చా?

ప్రశ్న: మేం చాలా ఏళ్లుగా జకార్తాలో ఉంటున్నాం. మా అమ్మాయి పదకొండో తరగతి, కామర్స్. కథలు రాసి పెట్టే వాట్‌ప్యాడ్ వెబ్‌సైట్‌లో ఇండోనేషియా భాషలో నవల రాస్తోంది, స్కూల్ నాటకాల్లో వేషాలు వేస్తుంది. ఇక్కడి దేవి లెస్తారిలా రచయిత్రినీ పబ్లిషర్‌నీ అవుతాను, ఇక్కడి సినిమా నటి మౌడీ అయుందాలా నటిస్తాను అంటోంది. కామర్స్ మానేసి నటన, కళలు నేర్పే ఆర్ట్స్ కాలేజీలో చేరతానని పట్టుపడుతోంది. ఇంట్లో రోజూ టెన్షనే. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, జకార్తా

జవాబు: అమ్మాయి మంచివాళ్లనే ఎంచుకుంది. ఆ ఇద్దరూ ఎలా పైకొచ్చారో మీరూ అమ్మాయీ కలిసి కూర్చుని ఒకసారి చూడండి. అక్కడ అందరూ 'డీ' అని పిలుచుకునే దేవి లెస్తారి చదివింది సాహిత్యం కాదు, బాండుంగ్‌లో అంతర్జాతీయ సంబంధాలు. ముగ్గురమ్మాయిల బృందంలో పాటలు పాడుతూ ముందు గాయనిగా పేరు తెచ్చుకున్నారు. 2001లో తొలి నవలను ట్రూడీ బుక్స్ అనే సొంత సంస్థ పేరుతో వేసుకున్నారు. 2012లో ఆమె నవల 'పరాహు కెర్తాస్' సినిమాగా వచ్చినప్పుడు స్క్రీన్‌ప్లే కూడా ఆమే రాశారు. అందులో కథలు రాయాలని కలలు కనే కూగీ పాత్ర వేసిందీ, డీ రాసిన టైటిల్ పాట పాడిందీ మౌడీ అయుందానే. ఈ మౌడీ 2005లో, చిన్నపిల్లగా ఉన్నప్పుడే సినిమాల్లోకి వచ్చింది. అయినా చదువు ఆపలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో డిగ్రీ, స్టాన్‌ఫర్డ్‌లో ఎంబీఏ చేసింది. పిల్లల కథల పుస్తకాలూ రాసింది.

ఇద్దరిలో ఎవరూ ఆర్ట్స్ కాలేజీ నుంచి రాలేదు. అక్కడ చదవడం తప్పని అనడం లేదు. జకార్తాలోనే చికినీ దగ్గరున్న ఇన్‌స్టిట్యూట్ కెసెనియన్ జకార్తా 1970 నుంచి నటులనూ దర్శకులనూ తయారు చేస్తోంది. కానీ మీ అమ్మాయి మూడు పనులూ చేస్తానంటోంది కదా, ఆ మూడింటినీ కలిపి ఉంచేది పుస్తకం మీద హక్కు. పుస్తకం ఎవరు వేయాలో, సినిమా ఎవరు తీయాలో హక్కు ఉన్నవాళ్లే నిర్ణయిస్తారు. ఆ లెక్క నేర్పేది కామర్సే. అందుకే దాన్ని వదలొద్దంటున్నాను.

ఒక లెక్క చూడండి. పుస్తకం ధర లక్ష రూపయా (ఇండోనేషియా డబ్బు) అనుకుందాం. రచయితకు సాధారణంగా పది శాతం, అంటే కాపీకి పదివేల రూపయా వస్తుంది. మూడు వేల కాపీలు అమ్ముడైతే మూడు కోట్ల రూపయా. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ మన డబ్బుల్లో సుమారు లక్షన్నర, అదీ పన్నుకు ముందు. నవల రాయడానికి ఏడాది పట్టిందనుకుంటే నెలకు ఎంత పడిందో అమ్మాయినే లెక్క కట్టమనండి. తెరే లియే అనే ప్రసిద్ధ ఇండోనేషియా రచయిత 2017లో రచయితల మీద పన్ను భారం ఎక్కువగా ఉందని నిరసనగా తన పుస్తకాలు రెండు ప్రచురణ సంస్థల్లో ఆపించేశారు. పుస్తకాలు అంతగా అమ్ముడయ్యే రచయితకే ఆ బాధ ఉందంటే కొత్తవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. సొంతంగా వేసుకుంటే మిగిలేది ఎక్కువే. కానీ అచ్చు ఖర్చు, గోడౌను, అమ్ముడుపోక తిరిగొచ్చే కాపీలు, అన్నీ మన నెత్తినే పడతాయి.

కాంట్రాక్టుల్లో 'జువాల్ పుతుస్' అన్న మాట కనబడితే అమ్మాయి అక్కడ ఆగాలి. ఒకేసారి ఇంత మొత్తం ఇచ్చి హక్కులన్నీ రాయించుకోవడం అది. ఇండోనేషియా 2014 కాపీరైట్ చట్టం ప్రకారం, గడువు లేకుండా అలా అమ్మేసిన పుస్తకం హక్కు 25 ఏళ్లకు తిరిగి రచయితకే వస్తుంది. మంచి చట్టమే. కానీ పదహారేళ్ల పిల్ల ఇప్పుడు సంతకం పెడితే హక్కు వెనక్కి వచ్చేసరికి నలభై దాటుతుంది. సినిమా, వెబ్ సిరీస్, అనువాదం, ఆడియో హక్కులు విడివిడిగా రాయించుకోవాలి.

కాబట్టి బీకామో బీబీఏనో చదువుతూ, సెలవుల్లో ఏదైనా చిన్న ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దే పని నేర్చుకోమనండి. పబ్లిషింగ్‌నే చదవాలనుకుంటే జకార్తాలో పోలీమీడియా అనే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. నటనకు మాత్రం ఇప్పుడు నాటక బృందం చాలు. తర్వాత ఇండియా వస్తే ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా (ఎన్‌ఎస్‌డీ)కి ఎలాగూ డిగ్రీ, నాటకానుభవం రెండూ అడుగుతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ పీజీ ఉంది.

మీరు చూసుకోవాల్సినవి రెండున్నాయి. అమ్మాయి మీ మీద ఆధారపడిన వీసాలో ఉంటే డబ్బు తీసుకుని నటించే వీలు లేదు. దానికి పని అనుమతి విడిగా కావాలి. ఆఫర్ వచ్చాక కాదు, ముందే కనుక్కోండి. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య విషయానికొస్తే, ఇండోనేషియాలో నేషనల్ లైబ్రరీ దాన్ని ప్రచురణ సంస్థలకే ఇస్తుంది. మన దేశంలో రచయిత సొంతంగానే, ఉచితంగా తీసుకోవచ్చు.

వాట్‌ప్యాడ్‌లో నవల పూర్తి చేయనివ్వండి. పరీక్షల నెలలో తప్ప ఆపమనకండి. ఎవరైనా కాంట్రాక్టు పంపితే ఆమె మైనర్ కాబట్టి సంతకం మీరే పెట్టాలి. పెట్టే ముందు వకీలుకు చూపించండి. ఆ ఫీజుకు మాత్రం వెనకాడొద్దు.