టెక్ సందేహాలు: డిఫరెన్షియల్ హౌసింగ్ విరిగితే వెల్డింగా, మార్చడమా?

ప్రశ్న: నాది పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, వెనక చక్రాల డ్రైవ్. క్లచ్ ఒక్కసారిగా వదిలి గట్టిగా లాగించినప్పుడు వెనక నుంచి ఠంగుమని చప్పుడొచ్చింది. కింద చూస్తే డిఫరెన్షియల్ హౌసింగ్‌కి (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టెకి) ఒక పక్క చెవి, అంటే ఫ్రేమ్‌కి బోల్టు బిగించే చోటు, విరిగి వేలాడుతోంది. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ పెడితే ఒక్క ఎర్రర్ కోడ్ కూడా లేదు. ఇపాక్సీతో అతికించే వీడియోలు చూశాను. అది పనిచేస్తుందా, వెల్డింగ్ చేయించాలా, మొత్తం మార్చేయాలా?

జవాబు: స్కానర్ తప్పేమీ లేదు. సెన్సర్ ఉన్న చోట ఏం జరుగుతోందో మాత్రమే దానికి తెలుస్తుంది, హౌసింగ్ పగిలిందో లేదో చెప్పే సెన్సర్ కార్లలో ఉండదు. ఇక్కడ మీ కళ్లు, టార్చిలైటు, ఒక అయస్కాంతం పనికొచ్చినంతగా ఏ యాపూ పనికిరాదు.

ఇపాక్సీ సంగతి ముందే తేల్చేద్దాం: వద్దు. ఎందుకో లెక్క చూడండి. ఇంజిన్ టార్క్ 200 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు రేషియో 3.5, ఫైనల్ డ్రైవ్ (డిఫరెన్షియల్ రేషియో) 4 అనుకుంటే, మూడూ గుణిస్తే వెనక ఇరుసుల దగ్గరికి వచ్చేసరికి 2,800 న్యూటన్ మీటర్లు. చక్రాలు ముందుకు తిరగడానికి ఎంత టార్క్ వెళ్తుందో అంతే టార్క్ హౌసింగ్‌ని వెనక్కి తిప్పాలని చూస్తుంది, దాని ముక్కు (ముందు కొన) పైకి లేవబోతుంది, ఆ బలాన్నంతా ఆపేది ఆ రెండుమూడు బోల్టులూ చెవులే. పైగా క్లచ్ ఠక్కున వదిలితే తిరుగుతున్న ఫ్లైవీల్ బరువు కూడా వచ్చి కొడుతుంది, టైరు పట్టు దొరికీ దొరకక ఎగిరెగిరి పడుతుంటే ఆ దెబ్బ సెకనుకి ఎన్నోసార్లు. నూనె పట్టిన, వేడెక్కే, కంపించే లోహం మీద జిగురు దీన్ని ఆపుతుందని ఎవరైనా చెబితే వీడియో ఆపేయండి. గేర్ ఆయిల్ చెమర్చే చిన్న రంధ్రాన్ని కొన్నాళ్లు మూయడానికైతే ఇపాక్సీ బాగానే ఉంటుంది.

వెల్డింగ్ సరిపోతుందా అన్నది పగులు ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది. చెవి వరకే విరిగితే బాగు చేయొచ్చు. పగులు అక్కడి నుంచి పాకుతూ బేరింగ్ కూర్చునే చోటికో, పినియన్ (ఇంజిన్ వైపు నుంచి తిరిగే చిన్న గేరు) ఉండే ముక్కు భాగానికో వెళ్లిందంటే నేనైతే ఆ హౌసింగ్ మీద డబ్బు పెట్టను. క్రౌన్ వీల్‌కీ (పినియన్ తిప్పే పెద్ద గేరుకీ) పినియన్‌కీ మధ్య ఉండే బ్యాక్‌లాష్, అంటే పళ్ల మధ్య వదిలే సందు, చాలా కార్లలో 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. వెల్డింగ్ వేడికి బేరింగ్ సీటు వెంట్రుకవాసి వంకర పోయినా ఆ లెక్క తప్పుతుంది, ముందు ఊళ మొదలవుతుంది, తర్వాత పళ్లు పోతాయి. పగులు ఎంత దూరం పోయిందో కంటికి కనబడదు కాబట్టి డై పెనెట్రెంట్ కొట్టించండి. శుభ్రం చేసి ఎర్ర రంగు పూసి, కాసేపు ఆగి తుడిచి, తెల్ల డెవలపర్ చల్లితే పగులు ఎర్ర గీతలా బయటపడుతుంది.

తర్వాత అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే బీడు, అంటుకోకపోతే అల్యూమినియం. రెండింటి పనీ వేరు.

అల్యూమినియం అయితే ఏసీ కరెంటుతో ఆర్గాన్ వెల్డింగ్. సిలికాన్ కలిసిన పోతలకు (అచ్చులో పోసిన లోహానికి) 4043 రాడ్ మామూలుగా వాడతారు. అసలు తిప్పలంతా నూనెతోనే, ఏళ్ల తరబడి గేర్ ఆయిల్‌లో నానిన పోత దాన్ని సూక్ష్మరంధ్రాల్లోకి పీల్చుకుని ఉంటుంది, పైపైన తుడిచి ఆర్క్ కొడితే ఆ నూనె మరిగి వెల్డు నిండా బుడగలు. అందుకే పూర్తిగా విప్పి, కడిగి, వేడి చేసి నూనె బయటికి రప్పించి, మళ్లీ తుడిచి, పగులును వి ఆకారంలో లోతుగా గ్రైండ్ చేసి, అది ముగిసే కొనలో చిన్న రంధ్రం వేసి, అప్పుడు మొదలుపెట్టాలి. హీట్ ట్రీట్‌మెంట్ అయిన పోత వెల్డు పక్కన మెత్తబడుతుంది, అంటే మొదటి బలం తిరిగి రాదు. కాబట్టి విరిగిన చోటు పూడ్చి వదిలేయకుండా, పక్కన ఒక పట్టీ కూడా వేసి చెవిని లావు చేయమనండి.

బీడు అయితే నికెల్ రాడ్, నిదానం. ఒక అంగుళం వేయడం, చిన్న సుత్తితో తట్టడం, ఆగడం. అయ్యాక గాలి తగలకుండా పొడి ఇసుకలో కప్పి చల్లారనివ్వాలి, తొందరపడి చల్లార్చితే వెల్డు పక్కనే కొత్త పగులు వస్తుంది.

ఏదైనా సరే, లోపల గేర్లు, బేరింగులు ఉంచి వెల్డింగ్ చేయనివ్వకండి. కరెంటు బేరింగ్ గుండా వెళ్తే గుళికల మీద గుంటలు పడతాయి. విప్పేటప్పుడు బేరింగ్ క్యాపులకు కుడి ఎడమ గుర్తులు పెట్టండి, అవి ఒకదాని చోట ఒకటి కుదరవు. వెల్డింగ్ సమయంలో ఖాళీ హౌసింగ్‌కి ఆ క్యాపులు బిగించే ఉంచితే వంకర పోయే అవకాశం తగ్గుతుంది. తిరిగి బిగించాక బ్యాక్‌లాష్ కొలిచి, క్రౌన్ పళ్లకు రంగు పేస్టు పూసి తిప్పి, ముద్ర పంటి మధ్యలో పడుతోందో లేదో చూడాలి. ఈ చివరి పని ఎగ్గొట్టే మెకానిక్ అయితే మొదటి పని కూడా అతనికి ఇవ్వకండి.

ఇంతా చేసి బుష్‌లు (చెవుల దగ్గర కుదుపు ఆపే రబ్బరు ముక్కలు) చూడకపోతే మళ్లీ అదే చెవి పోతుంది. ఒక పక్క రబ్బరు చిరిగి, రెండో పక్క గట్టిగా ఉన్నా, ఒక పక్క మాత్రమే రబ్బరు కంటే గట్టిదైన పాలీయురేథేన్ వేసినా భారమంతా ఒక చెవి మీదే పడుతుంది. మార్చితే అన్నీ కలిపి మార్చాలి. బిగించే తీరు కూడా కారు కారుకీ మారుతుంది. మాజ్డా ఎంఎక్స్-5లో అల్యూమినియం హౌసింగ్‌కి రెండు పక్కలా పొడవాటి చేతులు, ముక్కు దగ్గర నుంచి గేర్‌బాక్స్ దాకా ఒక దూలం ఉంటాయి. బీఎండబ్ల్యూ జెడ్3లో వెనక కవర్‌కి ఒకే చెవి, అందుకే అందులో హౌసింగ్ బాగానే ఉండి డిక్కీ కింది రేకు చిరగడం కూడా పేరుపడ్డ సమస్య. బోల్టు అవతలి వైపు, బాడీ రేకు, సబ్‌ఫ్రేమ్ కూడా చూడండి.

రేసు మోజుతో ఇలాగే క్లచ్ వదులుతూ నడుపుతానంటే వెల్డింగ్ మానేసి అదే మోడల్‌ది మొత్తం డిఫరెన్షియల్ తెచ్చి వేయండి. ఖాళీ హౌసింగ్ చవగ్గా దొరికినా, మీ గేర్లు దాంట్లోకి మార్చాలంటే పినియన్ లోతు సరిచేసే షిమ్‌లతో (పల్చటి రేకులతో) సహా అంతా కొత్తగా సెట్ చేయాలి, అది అందరికీ వచ్చిన పని కాదు.

ప్రశ్న: నా కారు డిఫరెన్షియల్ రేషియో 4.1. దొరికింది 4.3. వేస్తే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుందా? సాఫ్ట్‌వేర్‌లో మార్చాలా?

జవాబు: వేగాన్ని ఎక్కడ కొలుస్తోందో తెలుసుకోండి. గేర్‌బాక్స్ దగ్గరైతే దాదాపు 5 శాతం ఎక్కువ చూపిస్తుంది, అసలు వేగం 100 ఉంటే ముల్లు 105 దగ్గర ఉంటుంది, ఓడోమీటరూ అంతే. చక్రాల ఏబీఎస్ సెన్సర్ల నుంచైతే మార్చాల్సిన పని లేదు. ఎలాగైనా అదే వేగానికి ఇంజిన్ 5 శాతం ఎక్కువ తిరుగుతుంది. అమ్మేవాడి మాట నమ్మకుండా పళ్లు లెక్కపెట్టండి, క్రౌన్‌కి 43, పినియన్‌కి 10 ఉంటే 4.3. సైజు మరీ ముఖ్యం. ఎంఎక్స్-5నే తీసుకుంటే తొలి 1.6 లీటర్ల కార్లలో క్రౌన్ వీల్ 6 అంగుళాలది, 1.8 లీటర్ల వాటిలో 7 అంగుళాలది, ఇరుసులు కూడా మార్చకుండా ఒకటి తీసి ఇంకోటి పెట్టలేరు.

ప్రశ్న: డిఫరెన్షియల్ శబ్దాన్ని ఫోన్ యాప్‌తో పట్టుకోవచ్చా?

జవాబు: శబ్దం యాప్‌ల కంటే కెమెరా నయం. ఫోన్‌ని కారు వెనక పక్కగా నేల మీద స్టాండుకి పెట్టి స్లో మోషన్ ఆన్ చేయండి, ముందు ఖాళీ జాగా ఉండాలి, కారు కిందా ముందూ ఎవరూ ఉండకూడదు. బ్రేకు గట్టిగా తొక్కి మొదటి గేరులో క్లచ్‌ని కొద్దిగా మాత్రమే వదిలి మళ్లీ నొక్కండి. హౌసింగ్ ముక్కు కొంచెం కదిలితే మామూలే. ఒక పక్క ఎక్కువ లేచినా, దేనికైనా తగిలినా ఆ పక్క బుష్ అయిపోయినట్టే.