ఎమ్మే తెలుగు చదివే బిడ్డకు ట్యాగులు వస్తయా?

నకిరేకల్ నుంచి ఒక నాన్న అడిగిండు: బిడ్డ నల్గొండల ఎమ్మే తెలుగు చదువుతున్నది, డిజిటల్ హ్యుమానిటీస్, అంటే కంప్యూటర్‌తోని సాహిత్యం, చరిత్ర చదువుడు, నేర్చుకుంటదట, టెక్స్ట్ మార్కప్ అని ఆన్‌లైన్ కోర్సుకు 35 వేలు అడుగుతున్నరు, కోడింగ్ రాని పిల్ల, కట్టాల్నా వద్దా అని.

అన్నా, పైసలు ముందుగాల జేబులనే ఉంచుండ్రి. మార్కప్ అంటే ప్రోగ్రామింగ్ కాదు, పాఠంల ఏది మనిషి పేరు, ఏది ఊరి పేరు, ఏది పద్యం అని కంప్యూటర్‌కు గుర్తులు, అంటే ట్యాగులు, పెట్టి చెప్పుడు, అంతే. దీనికి టీఈఐ (టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్) అని ఒక పద్ధతి ఉంది, 1987ల మొదలైంది, దాని గైడ్‌లైన్స్ మొత్తం నెట్‌ల ఫ్రీ, ట్యాగులు రాసుకునే సాఫ్ట్‌వేర్ వీఎస్ కోడ్ కూడా ఫ్రీనే.

అసలు తిప్పలు గుర్తులతోని కాదు, చదువుడుతోని. పానగల్లు అని వస్తే అది కందూరు చోళులేలిన మన నల్గొండ పక్కదా, వనపర్తి దిక్కు కోట ఉన్న పానగల్లా? మిషన్‌కేం తెలుసు, చదివినోళ్లే తేల్చాలె. పద్యం ఇంకా తమాషా, మాట సగం ఒక పాదంల ఉండి మిగతా సగం కిందికి జారుతది, టీఈఐ ట్యాగులు రాసే ఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతిలనేమో ఒక డబ్బాల ఇంకో డబ్బా పూర్తిగ పట్టాలె, అడ్డంగ దాటొద్దు, మరి మాటకు ట్యాగ్ పెట్టాల్నా పాదానికా? ఈ ప్రశ్న బీటెక్ పిల్లగానికి తట్టదు, మీ బిడ్డకు తడతది.

అందుకే మొదటి వారం కంప్యూటర్ ముట్టనియ్యకుండ్రి. ఒక శాసనం పాఠం జిరాక్స్ తీసి రంగు పెన్నులతోని గీయమనండి: పగిలి పోయిన అక్షరాలు ఒక రంగు, సరిగ కనపడనివి ఒకటి, ఎడిటర్ ఊహించి నింపినవి ఇంకొకటి. టీఈఐల ఈ మూడింటికీ వేరేవేరే ట్యాగులున్నయ్, గ్యాప్, అన్‌క్లియర్, సప్లైడ్ అని. ఆ తేడా పట్టుకుంటే టైపింగ్ రెండు నెలల పని, నేర్పేటోళ్లు సాఫ్ట్‌వేర్‌తోని మొదలుపెట్టి పిల్లలను బెదరగొడుతున్నరని నాకు కోపం.

ఉద్యోగం సంగతి, ఇదొక్కటే పట్టుకుంటే రాదు. యూజీసీ నెట్, జూనియర్ లెక్చరర్ (జేఎల్) పరీక్షల ప్రిపరేషన్ ఆపొద్దు. ఆర్కైవ్స్, లైబ్రరీ, పబ్లిషింగ్, రీసెర్చ్ ప్రాజెక్టులకు అప్లై చేసేటప్పుడు మాత్రం తను సొంతంగ చేసిన ఒక్క శాసనం ఫైల్ చూపిస్తే సర్టిఫికెట్ కన్నా బరువుంటది.

శాసనాలు చూడాలంటే నల్గొండ పక్క పానగల్లుల ఉన్న పచ్చల సోమేశ్వరాలయం మీకు దూరమేం కాదు, ఒక ఆదివారం తీస్కపోండ్రి. అక్కడోళ్లను అడిగినంకనే ఫొటోలు తీయమనండి, అదీ పొద్దుగాల ఏటవాలు ఎండ పడ్డప్పుడు, నడిమింట ఎండల తీస్తే రాయి తప్ప అక్షరం కనపడదు.