మామగారి చుట్ట, పసివాడి ఊపిరి

ప్రశ్న: మా మామగారు వసారాలో చుట్ట కాలుస్తారు. లోపల ఉయ్యాలలో మా నాలుగు నెలల బాబు ఉంటాడు. కిటికీలు తెరిచి ఫ్యాను వేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సరిపోదండీ. ఫ్యాను పొగను తొలగించదు, గదంతా కలియదిప్పుతుంది. పొగాకు పొగలోని వేలాది రసాయనాలలో సుమారు 70 క్యాన్సర్ కారకాలు. పెద్దలకంటే వేగంగా శ్వాసించే పసివారి సన్నని శ్వాసనాళాలను ఈ పొగ త్వరగా దెబ్బతీస్తుంది కనుక న్యుమోనియా, ఉబ్బసం, చెవిపోటు, నిద్రలో హఠాన్మరణం వంటి ముప్పులు పెరుగుతాయి. ఇతరుల పొగ పీల్చే పెద్దలకు గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం ఎక్కువ. పొగతాగడాన్ని నిషేధించే 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం బహిరంగ స్థలాలకే గాని మీ గడప దాటి రాదు. ఈ మాట కోడలికంటే కొడుకు చెబితేనే ఆయనకు సులువుగా ఎక్కవచ్చు. చుట్ట ఇంటికి దూరంగా కాల్చి, చొక్కా మార్చుకుని, చేతులు కడుక్కున్నాకే మనవడిని ఎత్తుకోమనండి.