కప్పకు మేతగా కీచురాళ్లు

ప్రశ్న: పెంపుడు కప్ప కోసం ప్లాస్టిక్ డబ్బాలో కీచురాళ్లు పెంచుతున్నాను. వారం తిరక్కుండానే సగం చచ్చిపోతున్నాయి. ఒకటే వాసన. ఏం చేయాలి?

జవాబు: వాసన వస్తోందంటే లోపల చెమ్మ నిలిచిపోతోందన్నమాట. కీచురాళ్లు వేడిని బాగానే తట్టుకుంటాయి గానీ గాలాడని చెమ్మను తట్టుకోలేవు. నా డబ్బాలకైతే మూతలో సగం కోసేసి సన్నని ఇనుప జాలీ బిగించాను. గుడ్డ జాలీ వద్దు, కొరికేస్తాయి. నీళ్ల గిన్నె తీసేయండి, పిల్లలు అందులో పడి చస్తాయి. బదులుగా క్యారెట్ ముక్క పెట్టి, అది మెత్తబడకముందే మార్చండి. కోడిగుడ్ల అట్ట ట్రేలు నిలువుగా పేరిస్తే రెట్ట కిందికి రాలిపోతుంది. చచ్చినవాటిని రోజూ ఏరేయాల్సిందే.

గుడ్ల కోసం చిన్న గిన్నెలో తడి కొబ్బరి పొట్టు పెట్టండి. ఆడదానికి వెనకవైపు పొడుగాటి సన్నని గొట్టం ఉంటుంది. దాన్ని పొట్టులోకి దింపి నూకల్లాంటి గుడ్లు పెడుతుంది. 30 డిగ్రీల దగ్గర ఇంచుమించు 10 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి.

నేను మరీ మరీ చెప్పేది మేత గురించి. కడుపు మాడిన కీచురాయి వల్ల కప్పకు ఒరిగేది తక్కువ. వేసే ముందురోజు దానికి ఆకుకూర బాగా మేపండి. కీచురాళ్లలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. అందుకే కాల్షియం పొడిలో దొర్లించి వేయాలి, లేదంటే కప్ప ఎముకలు మెత్తబడతాయి. కప్ప రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్ద పురుగు వేయకండి. తినగా మిగిలినవాటిని రాత్రంతా లోపలే వదిలేస్తే అవి కప్ప చర్మాన్ని కొరుకుతాయి, తీసేయండి.