నాలుగు వందల కామిక్స్‌నూ గ్రేడింగ్‌కి పంపాలా?

ప్రశ్న: 1990ల్లో చదువుకోడానికి అమెరికా వచ్చినప్పటి నుంచి నాకు కామిక్స్ కొనే అలవాటుంది. ఇప్పుడు 400 దాకా ఉన్నాయి. ఎక్కువ భాగం 90ల్లో వచ్చినవే. ఓసారి పాత పుస్తకాల పెట్టె ఒకటి గంపగుత్తగా కొంటే అందులో 70లు, 80ల నాటివి కొన్ని దొరికాయి. వాటిలో ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’ 181వ సంచిక ఉంది. అన్నీ బేస్‌మెంట్‌లో అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. అన్నిటినీ ప్రెస్సింగ్ (నలిగిన కాగితాన్ని చదును చేయడం) చేయించి, గ్రేడింగ్‌కి పంపితే విలువ ఎన్నో రెట్లు పెరుగుతుందని ఒక స్నేహితుడు చెబుతున్నాడు. అన్ని ఖర్చులూ కలిపి ఒక్కోదానికి 60 డాలర్ల దాకా అవుతుందట. అత్యవసరాల కోసం దాచిన 15,000 డాలర్లు ఉన్నాయి, మిగతాది క్రెడిట్ కార్డు మీద సర్దుకోవచ్చు అనుకుంటున్నాను. రెండేళ్లలో మా అబ్బాయి కాలేజీకి వెళ్తాడు. ఆ ఫీజులకు ఇవి పనికొస్తాయని ఆశ. ఇది సరైన ఆలోచనేనా?

జవాబు: కాదండీ. 400 పుస్తకాలకు 60 చొప్పున 24,000 డాలర్లు. అత్యవసర నిధి మొత్తం ఊడ్చేసి, పైన 9,000 అప్పు చేసి, ఎప్పుడు ఎంతకు అమ్ముడుపోతాయో తెలియని వస్తువుల మీద పెడతానంటున్నారు. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా ఆ డబ్బే మీకు ఆసరా. దాన్ని కదపకండి. క్రెడిట్ కార్డు ఊసే వద్దు. ఆ వడ్డీని దాటి ఏటా పెరిగే కామిక్ మీ పెట్టెలో ఒకటో రెండో ఉండొచ్చేమో గానీ, 400 మాత్రం ఉండవు.

అలాగని మీ కలెక్షన్‌ని తీసిపారేయడం లేదు. హల్క్ 181 నిజంగా విలువైన పుస్తకం. మిగతావాటిలోనూ ఇంకొన్ని ఉండొచ్చు. అందుకే ముందు ఏరుకోవాలి, ఆ తర్వాతే ఖర్చు పెట్టాలి.

గ్రేడింగ్ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. మీ పుస్తకాన్ని ఒక సంస్థకు పంపిస్తే, అక్కడి నిపుణులు పేజీలు లెక్కపెట్టి, మరమ్మతులు ఏవైనా జరిగాయేమో చూసి, 0.5 నుంచి 10 దాకా ఉన్న స్కేలు మీద ఒక అంకె ఇస్తారు. తర్వాత గట్టి ప్లాస్టిక్ కేసులో పెట్టి సీలు వేస్తారు. దాన్నే స్లాబ్ అంటారు. 2000లో మొదలైన సీజీసీ ఇందులో అందరికంటే పెద్దది. సీబీసీఎస్ లాంటివీ ఉన్నాయి. కొనేవాడికి మీరెవరో తెలియదు, మీ మాట నమ్మాల్సిన పనీ లేదు. ఆ అంకెను నమ్మి డబ్బిస్తాడు. గ్రేడింగ్ వల్ల వచ్చే అసలు లాభం అదే. ఆ నమ్మకం 3,000 డాలర్ల పుస్తకానికి చాలా అవసరం. 5 డాలర్ల పుస్తకానికి అసలు అక్కర్లేదు.

ఇక మీ పెట్టెల సంగతి. 90ల కామిక్స్ గురించి నిష్ఠూరంగా అనిపించినా ఉన్నమాట చెప్పాలి. 1991లో వచ్చిన ‘ఎక్స్‌మెన్’ మొదటి సంచిక 80 లక్షల కాపీలకు పైగా అమ్ముడైంది. 1992లో సూపర్‌మ్యాన్ చనిపోయే 75వ సంచిక కూడా లక్షల్లో పోయింది. కొన్నవాళ్లలో చాలామంది మీలాగే భద్రంగా దాచుకున్నారు, కొందరైతే అమ్మినప్పటి ప్లాస్టిక్ సంచీ కూడా చించలేదు. దాంతో ముప్పై ఏళ్ల తర్వాత కూడా కొత్తవాటిలా ఉన్న కాపీలు కుప్పలుగా దొరుకుతున్నాయి. 1938 నాటి ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక 2024 వేలంలో 60 లక్షల డాలర్లు పలికిందంటే, పది సెంట్లకు కొన్న పిల్లలు దాన్ని చదివి, చింపి, పారేశారు కాబట్టి. మిగిలినవి చాలా తక్కువ. పాతదైతే చాలు ధర వస్తుందనుకోవడం పొరపాటు. ఇంకా ఎన్ని మిగిలాయి, ఎంతమందికి కావాలి అన్నదాన్ని బట్టే ధర ఉంటుంది.

లెక్క ఒకటి చూద్దాం. గ్రేడింగ్ లేకుండా 20 డాలర్లకు అమ్ముడుపోయే పుస్తకం మీ దగ్గర ఉందనుకోండి. అదే 9.8 గ్రేడుతో 90 పలుకుతుందని, 9.6కి 50 పలుకుతుందని అనుకుందాం. ఆన్‌లైన్‌లో అమ్మితే సైటు వాళ్లకు 13 శాతం పోతుందనుకుందాం. 9.8 వస్తే 90లో 12 డాలర్ల దాకా పోయి 78 మిగులుతుంది, అందులో మీ ఖర్చు 60 తీసేస్తే 18. ఇంత హడావిడి చేసినా, ఊరికే ఆన్‌లైన్‌లో 20కి అమ్మి అదే 13 శాతం పోను మిగిలే 17 కంటే ఒక్క డాలరు కూడా సరిగ్గా ఎక్కువ రాదు! ఇక 9.6 వచ్చిందా, చేతికొచ్చే 43లోంచి 60 తీయాలి, అంటే అసలుకే ఎసరు. చేత్తో పట్టుకుంటే నలిగిన గీత ఒక్కటీ కనపడని పుస్తకానికి కూడా 9.8 వస్తుందన్న గ్యారంటీ లేదు.

కాబట్టి నేను పెట్టుకునే కొలత ఇది. మీరు నిజాయితీగా ఊహించిన గ్రేడు కంటే ఒక మెట్టు తక్కువ వచ్చినా సరే, ఖర్చులన్నీ పోను గ్రేడింగ్ లేని ధర కంటే కనీసం 100 డాలర్లు ఎక్కువ మిగలాలి. మిగిలితే పంపండి, లేదంటే మానేయండి. ధరలు చూసేటప్పుడు అమ్మేవాళ్లు అడుగుతున్న రేట్లు కాదు, ఈబేలో నిజంగా అమ్ముడుపోయిన రేట్లు చూడాలి. అవి విడిగా కనిపించే ఫిల్టర్ ఉంటుంది. ఒక అమ్మకాన్ని కాకుండా గత ఆరేడు అమ్మకాలను చూడండి. ముఖ్యంగా సినిమా ప్రకటన వచ్చిన వారంలో ఎగిరిన ధరను పట్టుకుని లెక్కలు వేసుకోకండి.

ఈ కొలతతో చూస్తే మీ 400లో పంపదగినవి పదో పదిహేనో తేలతాయని నా అంచనా. ఏవేవో నేను చెప్పలేను గానీ, ఎలా వెతకాలో చెబుతాను. ఒక పాత్ర తొలిసారి వచ్చిన సంచికలు ముందు తీయండి. డెడ్‌పూల్ మొదట కనిపించిన ‘న్యూ మ్యూటెంట్స్’ 98, వెనమ్ తొలిసారి పూర్తిగా కనిపించిన ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 300 లాంటివి మీ 80ల, 90ల పెట్టెల్లో ఉంటే పక్కన పెట్టండి.

హల్క్ 181 దగ్గర కాస్త ఆగుదాం. 1974లో వచ్చిన ఆ సంచికలోనే ఎక్స్‌మెన్ హీరో వుల్వరిన్ తొలిసారి పూర్తిగా కనిపిస్తాడు. పంపే ముందు మీరే ఒకటి చూడాలి. అప్పట్లో దాని ప్రచురణ సంస్థ మార్వెల్ వాళ్లు లోపలి పేజీలో తపాలా బిళ్లంత బొమ్మ ఒకటి వేసేవాళ్లు, పిల్లలు కత్తిరించి ఆల్బమ్‌లో అంటించుకోవడానికి. దాన్ని మార్వెల్ వాల్యూ స్టాంప్ అంటారు. వేలమంది పిల్లలు బుద్ధిగా కత్తిరించుకున్నారు! మీ కాపీలో ఆ చోట చదరపు కన్నం ఉంటే, పైన కవరు ఎంత మెరిసిపోతున్నా ధర బాగా పడిపోతుంది. గ్రేడింగ్‌లోనూ మామూలు నీలం లేబుల్ బదులు, లోపం ఉందని తెలిపే ఆకుపచ్చ లేబుల్ వచ్చే అవకాశం ఉంటుంది. చేతులు కడుక్కుని బాగా తుడుచుకుని, పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, పూర్తిగా వెనక్కి విరవకుండా సగం మాత్రమే తెరిచి, ఒక్కో పేజీ తిప్పండి. నడిమి పేజీలు రెండు పిన్నులకూ పట్టుకునే ఉన్నాయా, పిన్నులకు తుప్పు పట్టిందా అన్నది కూడా చూడండి. స్టాంపు ఉండి, పేజీలన్నీ ఉంటే మాత్రం మధ్యరకం స్థితిలో ఉన్నా అది వేల డాలర్ల పుస్తకం. దాన్ని గ్రేడింగ్‌కి పంపడంలో సందేహం లేదు.

ప్రెస్సింగ్ విషయంలో మీ స్నేహితుడు చెప్పింది సగమే నిజం. తగిన తేమ, వేడి, ఒత్తిడితో కాగితాన్ని చదును చేస్తారు. వంపులు, అలల్లా లేచిన కాగితం, వేలి నొక్కులు, రంగు విరగని మడతలు చాలావరకు పోతాయి. రంగు విరిగిన మడత మాత్రం పోదు. దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. దీపం కింద కవరును ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పండి. మడత మీద సిరా లేచిపోయి లోపలి తెల్లటి కాగితం సన్నటి గీతలా కనిపిస్తే అది ప్రెస్సింగ్‌కి లొంగదు. కేవలం వెలుగునీడల తేడా మాత్రమే కనిపిస్తే లొంగుతుంది. చిరుగులు, మరకలు, పసుపుబారిన పేజీలు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. కాబట్టి ప్రెస్సింగ్ కూడా అన్నిటికీ కాదు, గ్రేడింగ్‌కి ఏరుకున్నవాటిలో లొంగే లోపాలున్నవాటికే.

సరిగ్గా చేసిన ప్రెస్సింగ్‌ను గ్రేడింగ్ సంస్థలు మరమ్మతుగా లెక్కపెట్టవు. కానీ చేతకాని చోట ఇస్తే కవరు కుంచించుకుపోయి లోపలి పేజీలు అంచు దాటి బయటికి కనిపించే ప్రమాదం ఉంది. పిన్నుల దగ్గర కాగితం చిరగొచ్చు కూడా. ఇంట్లో ఇస్త్రీపెట్టెతోనో, టీషర్టుల మీద బొమ్మలు అద్దే ప్రెస్‌తోనో హల్క్ మీద ప్రయోగాలు దయచేసి చేయకండి. అలాగే నల్లటి కవరు మీద తెల్లబడిన చోట స్కెచ్ పెన్నుతో దిద్దడం, చిరుగుకు గమ్ పెట్టడం, అంచులు కత్తిరించడం లాంటివి పొరపాటున కూడా వద్దు. అవి బయటపడితే మరమ్మతు చేసిన కాపీగా ముద్ర పడుతుంది, ధర సగానికి పైగా పోయినా ఆశ్చర్యం లేదు.

గ్రేడింగ్ కంటే ముందు, ఈ వారాంతంలోనే చేయాల్సిన పని ఇంకొకటుంది. ఆ పెట్టెలను బేస్‌మెంట్ నుంచి పైకి తేవాలి. పాత కామిక్స్ న్యూస్‌ప్రింట్ మీద అచ్చయినవి. ఆ కాగితంలోనే ఆమ్లం ఉంటుంది, వేడి, తేమ తగిలినకొద్దీ పెళుసుబారి గోధుమరంగుకి తిరుగుతుంది. తేమకు పిన్నులు తుప్పు పట్టి ఆ మరక కాగితంలోకి దిగుతుంది. ఎక్కడో ఒక పైపు కారిందంటే ఇక చెప్పక్కర్లేదు. అటక కూడా వద్దు, అక్కడ ఎండాకాలం వేడి ఎక్కువ. మీరు హాయిగా కూర్చునే గదిలో, ఎండపడని అల్మారాలో, నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తులో పెట్టండి. 70 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి అటూఇటూగా, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొనుక్కోండి.

మామూలు పుస్తకాలకు పాలీప్రొపిలీన్ బ్యాగులు, వెనక ఆమ్లం లేని బోర్డులు సరిపోతాయి. కొన్నేళ్లకోసారి మార్చాలి. ఏరుకున్న మంచి పుస్తకాలకు మాత్రం మైలార్ సంచులు తీసుకోండి. ఖరీదు ఎక్కువైనా పాలియెస్టర్ కాబట్టి దశాబ్దాలు నిలుస్తుంది. పీవీసీ కవర్లు మాత్రం వద్దు. పెట్టెలో పుస్తకాలు నిటారుగా, వంగిపోకుండా ఉండాలి. అలాగని బలవంతంగా కుక్కకూడదు. కామిక్స్ కోసం దొరికే పొడవాటి లాంగ్ బాక్స్ నిండితే ఎత్తడం కష్టం, నడుం పట్టేస్తుంది. మూడు షార్ట్ బాక్సులు తీసుకోవడం నయం. వీటన్నిటికీ కొన్ని వందల డాలర్లకు మించి కాదు. మీ 400 పుస్తకాలన్నిటికీ ఉపయోగపడే ఖర్చు ఇదొక్కటే, దీనికి మాత్రం వెనకాడకండి. స్లాబ్ చేసినవి కూడా ఎండకు, తేమకు అతీతం కావు. పైగా కొరియర్‌లో బాగా కుదుపులకు లోనైతే లోపల పుస్తకం కదిలి మూలలు నలిగిన సందర్భాలున్నాయి, ప్యాకింగ్ జాగ్రత్త.

పెట్టెలు సర్దేటప్పుడే ప్రతి విలువైన పుస్తకాన్నీ ముందూవెనకా ఫోటో తీసి, ఒక స్ప్రెడ్‌షీట్‌లో పేరు, సంచిక, ఎప్పుడు ఎంతకు కొన్నారో రాసుకోండి. ఇన్సూరెన్స్‌కీ ట్యాక్స్‌కీ రెండింటికీ ఇదే ఆధారం. ఇంటి ఇన్సూరెన్స్‌లో కలెక్షన్లకు పరిమితి ఉందేమో ఏజెంటును అడగండి. మామూలు పాలసీలో వరద నష్టం కవర్ కాదు. హల్క్ లాంటిదాన్ని విడిగా పాలసీలో చేర్పించుకోవడం మంచిది.

అమ్మే ముందు ట్యాక్స్ కూడా చూసుకోవాలి. ఏడాదికి పైగా ఉంచుకున్న కలెక్టబుల్స్ మీద లాభానికి ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం దాకా పడొచ్చు. షేర్లకు ఉండే 15 శాతం, 20 శాతం లెక్క ఇక్కడ వర్తించదు. గంపగుత్త పెట్టెలో వచ్చిన పుస్తకానికి కొన్న ధర దాదాపు సున్నా కాబట్టి, హల్క్ మీద వచ్చిందంతా ఇంచుమించు లాభమే. గ్రేడింగ్, వేలం కమీషన్ రసీదులు జాగ్రత్త చేయండి.

మీ అబ్బాయి కాలేజీకి ఆర్థిక సహాయం అడగాలనుకుంటే తేదీ కూడా ముఖ్యమే. ఆ సహాయం కోసం నింపే ఫాఫ్సా అనే ఫెడరల్ దరఖాస్తులో రెండేళ్ల కిందటి పన్ను రిటర్న్‌లో ఉన్న ఆదాయాన్ని చూస్తారు. అతను రెండేళ్లలో చేరుతున్నాడంటే, మొదటి ఏడాది సహాయానికి ఈ ఏడాది మీ ఆదాయమే లెక్కలోకి రావచ్చు. ఇప్పుడు హల్క్ అమ్మితే ఆ లాభం అక్కడ కనిపిస్తుంది. పుస్తకాన్ని గ్రేడింగ్ చేయించి ఉంచుకోండి, ఏ సంవత్సరంలో అమ్మాలో మాత్రం మీ ట్యాక్స్ సలహాదారుతో కూర్చుని నిర్ణయించండి. ఆ డబ్బు వచ్చేదాకా ఫీజుల లెక్కలో దాన్ని కలపకండి. నెలనెలా ఎంత వీలైతే అంత 529 ప్లాన్‌లో (కాలేజీ ఖర్చుల కోసం దాచుకునే ఖాతా) వేస్తూ ఉండండి.