చలికి భయపడి పాపని ఇంట్లో కూర్చోబెట్టకు

పరాయి దేశంలో, ఏడాది పాపని ఈ చలిలో బయట ఆడించొచ్చా అని అడిగావు కదా చెల్లీ. ఆడించు, రోజూ ఆడించు. పదిహేనేళ్ల కింద నేను చేసిన తప్పు నువ్వు చేయకు.

మావాడికి అప్పుడు పదమూడో నెల. ఆకులు రాలడం మొదలవగానే జలుబు చేస్తుందని మూడు వారాలు గడప దాటలేదు. ఆయన పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే రావడం. వాడు కిటికీ దగ్గర ఏడుపు, నేను వంటింట్లో ఏడుపు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, చలిగాలికి కాదని డాక్టరమ్మ చెప్పాకే బయల్దేరాను.

అదీ సరిగ్గా చేయలేదు. ఉబ్బు జాకెట్‌తోనే కార్ సీట్లో బెల్టు పెట్టేశాను. బండి దేనికైనా గుద్దుకుంటే ఆ జాకెట్ అణిగిపోయి బెల్టు వదులవుతుందని అప్పుడు తెలీదు. జాకెట్ తీసి, బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పాలి. పార్కులో చూస్తే వాడి వీపంతా చెమట. నీకంటే ఒక్క పొర ఎక్కువ వేస్తే చాలు. చేతులు చల్లగా ఉన్నాయని కంగారుపడకు, మెడ వెనక తాకి చూడు. స్కార్ఫ్ వద్దు, తాళ్లున్న టోపీ వద్దు. మిగతా రూల్స్, విటమిన్ డి సంగతి మీరుంటున్న దేశం ఆరోగ్యశాఖ సైట్‌లో ఉంటాయి, చదువుకో.

ఆటకి బొమ్మలేం అక్కర్లేదు. ఎండుటాకుల్లో గలగలా నడిపించు. గాజు పెంకులు, కుక్కల మలం ఉంటాయేమో ముందు నీ కాలితో కదిపి చూడు. చిన్న బుట్ట ఇస్తే ఆకులు వేస్తూ, తీస్తూ అరగంట గడిపేస్తారు. వాన వెలిశాక రబ్బరు బూట్లేసి చిన్న చిన్న వాన నీటి గుంటల్లో చిందులేయనివ్వు, కానీ చేతికందే దూరంలోనే ఉండు. తడి ఆకులు జారతాయి. జారుడుబల్ల మీద ఒళ్లో కూర్చోబెట్టుకుని జారకు, పిల్లల కాలు ఇరుక్కుని విరగొచ్చు.

ఒకరోజు నేను ఫోన్లో ఉండగా మావాడు ఓక్ చెట్టు నుంచి రాలిన చిన్న కాయ నోట్లో పెట్టుకున్నాడు. పక్క బెంచీ మీది పెద్దావిడ చూసి, గబుక్కున వచ్చి తీసేసింది. టాయిలెట్ పేపర్ చుట్టే గొట్టంలో పట్టేంత వస్తువు ఏదైనా ఈ వయసులో గొంతుకు అడ్డం పడొచ్చని ఆవిడే చెప్పింది. పుట్టగొడుగులు, చెట్ల కింద పళ్లు అసలు ముట్టనివ్వకు.

ఆ రోజు ఆవిడ పక్కనే కూర్చుని ఏడ్చేశాను. ఈ దేశంలో నా మొదటి స్నేహితురాలు ఆవిడే. మీకిప్పుడు ఎప్పుడంటే అప్పుడు ఫోన్లోనే వీడియో కాల్స్ ఉన్నాయి, మాకంటే సుఖమే. కానీ కాల్ పెట్టేశాక ఇల్లు మళ్లీ నిశ్శబ్దమే కదా. చలికాలం ముదిరితే అది ఇంకా బరువవుతుంది, పాపకి కాదు, నీకు. అందుకే ఇప్పుడే మొదలుపెట్టు. రోజూ ఒకే వేళకి ఒకే పార్కుకి వెళ్లు. రెండు మూడు రోజులకి ముఖాలు గుర్తుపడతారు. ఎవరూ పలకరించకపోతే "మీ బాబుకి ఎన్ని నెలలు?" అని నువ్వే అడుగు. నేను ఆ ఒక్క ప్రశ్న అద్దం ముందు నాలుగుసార్లు చెప్పుకుని వెళ్లేదాన్ని.