న్యూయార్క్ సబ్‌వే ఎక్కబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మీ మేనత్త ఆశీస్సులు.

నువ్వు చదువుకోవడానికి న్యూయార్క్ వస్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు నీ చదువు గురించి బెంగ లేదు. బెంగంతా మన మెట్రో లాంటి ఈ సబ్‌వే రైళ్ల గురించే. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ రైళ్లలో తిరుగుతున్నదాన్ని, నా మాట విను.

ఇది 1904లో మొదలైన రైలు. 472 స్టేషన్లు, రాత్రీ పగలూ నడక. చాలా నగరాల్లో అర్ధరాత్రి రైళ్లు ఆపి పట్టాలు బాగుచేసుకుంటారు. ఇక్కడ ఆపే వేళ అంటూ లేదు కాబట్టి మరమ్మతులన్నీ రాత్రిళ్లూ, శని, ఆదివారాల్లోనూ సాగుతాయి. అందువల్ల వారమంతా బుద్ధిగా తిరిగిన రైలు శనివారం పొద్దున పక్క రైలు దారి పట్టి పోతుంది. ఎక్స్‌ప్రెస్ అనుకుని ఎక్కింది ప్రతి స్టేషన్‌లోనూ ఆగి పలకరిస్తుంది. సెలవురోజు బయలుదేరే ముందు స్టేషన్‌లో అంటించిన కాగితాలు చదువు. రైల్లో ఏదైనా చెబుతుంటే చెవుల్లో పాటలు తీసేసి విను. ఆ మైకులో సగం మాటలు గరగరలే, అర్థం కానివి పక్కవాళ్లను అడుగు. ఈ ఊరివాళ్లు ముభావంగా కనబడతారు గాని, దారి అడిగితే చాలు, ముగ్గురు మూడు దారులు చెప్పి ఏది మంచిదో తమలో తాము వాదించుకుంటారు. నాకు ఈ ఊరి మీద ప్రేమ పుట్టింది అక్కడే.

రైళ్లకు పేర్లు అంకెలూ, ఇంగ్లీషు అక్షరాలూ. ‘ఏ రైలు’ అంటే మనకు ప్రశ్న, ఇక్కడ అదే జవాబు! ఆ ఏ రైలుతో మరీ జాగ్రత్త. చివరికి వెళ్లాక అది చీలిపోతుంది. కెన్నెడీ విమానాశ్రయానికి వెళ్లాలంటే రాకవే వైపు వెళ్లేది ఎక్కి హోవర్డ్ బీచ్‌లో దిగాలి. లెఫర్ట్స్ బులెవార్డ్ బోర్డు ఉన్నది ఎక్కావా, హోవర్డ్ బీచ్ రాదు, విమానమూ దక్కదు. రైలు పేరు చదివి ఊరుకోకు, చివరి స్టేషన్ పేరు కూడా చదువు.

స్టేషన్ పేరొకటే చాలదు కూడా. మన్‌హాటన్‌లో ‘23వ వీధి’ పేరుతో అయిదు స్టేషన్లు ఉన్నాయి. ఎవరినైనా కలుస్తానంటే ఏ లైనులోని 23వ వీధో తేల్చుకో. లేకపోతే మీరిద్దరూ చెరొక చోట నిలబడి ‘నేను వచ్చేశాను’ అని ఫోనులో చెప్పుకుంటూ ఉంటారు. మెట్లు దిగే ముందు బోర్డు చూడు: అప్‌టౌన్ అంటే ఉత్తరం వైపు, డౌన్‌టౌన్ అంటే దక్షిణం వైపు. కొన్ని స్టేషన్లలో రెండు వైపులకూ వేర్వేరు మెట్లు, లోపల దాటే దారి ఉండదు. తప్పు వైపు దిగితే పైకి వచ్చి వీధి దాటాలి, మళ్లీ డబ్బు కట్టాలి.

కిక్కిరిసిన రైల్లో ఒక్క పెట్టె ఖాళీగా కనబడితే పరుగెత్తకు. అందులో ఏసీ పనిచేయకపోవచ్చు, లేదా ముక్కు మూసుకున్నా ఆగని వాసన ఉండవచ్చు. ఎనభై లక్షలమంది ఉన్న ఊళ్లో కూర్చునే చోటు ఊరికే మిగలదు నాన్నా.

చూసి ఆనందించాల్సినవీ ఉన్నాయి. కుక్కను సంచిలో పెట్టుకుంటేనే రైలెక్కనిస్తారు. దాంతో దూడంత కుక్క తల బయటపెట్టి బజారు సంచిలో కూర్చుని ప్రయాణిస్తుంది. రైలు ఆగగానే మధ్య పెట్టెలో ఉన్న కండక్టర్ కిటికీలోంచి పైనున్న నలుపు తెలుపు చారల పలకను వేలెత్తి చూపిస్తాడు. జపాన్ నుంచి నేర్చుకున్న పద్ధతి అది. రైలు సరైన చోట ఆగిందని, తలుపులన్నీ ప్లాట్‌ఫారం మీదికే తెరుచుకుంటాయని తనకు తాను రూఢి చేసుకోవడం. ప్రతి స్టేషన్‌లోనూ ఎత్తే ఆ వేలు చూస్తే నాకు ఎంత ధైర్యమో!

డబ్బు సంగతి: లోపలికి వెళ్లే గేటు దగ్గర ప్రతిసారీ ఒకే కార్డు గాని, ఒకే ఫోను గాని తాకించు. ఏడు రోజుల్లో పన్నెండు ప్రయాణాలకు కడితే ఆ వారంలో తక్కినవి ఉచితం. ఒకసారి కార్డూ ఒకసారి ఫోనూ తాకిస్తే లెక్క కలవదు.

విమానం దిగాక విమానాశ్రయం రైలు ఎయిర్‌ట్రైన్‌లో జమైకా స్టేషన్ వరకు రా. అక్కడ మన్‌హాటన్ వైపు వెళ్లే ‘ఇ’ రైలెక్కి జాక్సన్ హైట్స్, రూజ్‌వెల్ట్ ఎవెన్యూలో దిగు. పెట్టెలు మోయకు, లిఫ్టు ఉంది. గేటు బయట నేనూ, మీ మామయ్యా నిలబడి ఉంటాం.